తెలియని పాము కనబడినప్పుడు

(హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



పాములను గూర్చి ప్రసంగమనగానే మీలో కొందరికి చిరునవ్వు వచ్చియుండును. పాముల నడుమ పుట్టి పెరిగినవారము, మాకు తెలియని పాములున్నవా యని మీరు తలచుట సహజమే. నాగుపాము పడగ విప్పి నిలిచినచో దానిని గుర్తింపలేని పిల్లవాడు మన ప్రాంతమున లేడు. జెర్రిపోతును చూచి ఇది ఎలుకలను తినునది, పోనిండని చెప్పని పెద్దవాడు లేడు. అయినను నేడు నేను ముఖ్యముగా మాటలాడదలచినది మీరెరిగిన పాములను గూర్చి కాదు. వేరుసెనగ పీకునప్పుడు చేతి ప్రక్కనే మన్ను రంగున ముడుచుకొనియుండి, "ఇదేమి పామో, ఎన్నడును చూడలేదే" యని మీరు సందేహించు పామును గూర్చి. అట్టి పాము కనబడినప్పుడు ఏమి చేయవలెను? అది కరచినప్పుడు ఏమి చేయవలెను? ఈ రెండు ప్రశ్నలకును సమాధానములు వేరువేరు. ఆ భేదము తెలియకపోవుట చేతనే మన పల్లెలలో ప్రాణములు పోవుచున్నవి.

మన నేల, మన పాములు

మన ప్రాంతము మెట్టనేల. ఉమ్మడి అనంతపురము జిల్లాలో ఏడాదికి కురియు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ జిల్లాలో కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతములకు పోయినచో వేదవతి యొడ్డున ఇసుకమేటలు పొలములమీదికి ప్రాకుట కనబడును. అచ్చటి నేల ఎడారిని తలపించును. 2022 ఏప్రిల్ నుండి హిందూపురము, పెనుకొండ, ధర్మవరము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినను నేల మారలేదు. పెన్న, చిత్రావతుల ఇసుక, పెనుకొండ చుట్టునున్న బండరాళ్లు, ముండ్లపొదలు, వేరుసెనగ చేలు, రాళ్లు పేర్చిన పొలము గట్లు ఎప్పటివలెనే యున్నవి.

ఎండిన నేలలో పాములుండవని తలచుట పొరపాటు. రాతి క్రింద చల్లదనముండును. గట్టు సందులో ఎలుక యుండును. బల్లియు, తేలును, జెర్రియు నుండును. వీనిని తినుటకు పాము వచ్చును. వేసవి పగలు రాయి క్రిందనో బొరియలోనో గడపి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట వెలికి వచ్చును. వాన పడినప్పుడు బొరియలలో నీరు చేరగా పొదలమీదికిని, గట్లమీదికిని, ఇండ్లలోనికిని వచ్చును. రైతుకు పని యధికముగా నుండు కాలమును, పాము తిరుగు కాలమును ఒక్కటే. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

పేరు పెట్టినవారు మనవారే

పాములను గుర్తించు విద్య మనకు క్రొత్తది కాదు. 18వ శతాబ్దపు చివరి భాగమున విశాఖపట్టణమున ఈస్టిండియా కంపెనీ కొలువులో పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు దేశపు వైద్యుడుండెను. విషసర్పములను విషము లేనివానినుండి వేరుచేసి గుర్తించుట యెట్లో తెలిసికొనవలెనని ఆయన పాములను తెప్పించి, పరీక్షించి, బొమ్మలు వ్రాయించి, 1796లో ఒక గొప్ప గ్రంథమును ప్రకటించెను. అందు ఆయన పాముల పేర్లను స్థానికులు చెప్పినట్లే వ్రాసికొనెను. "కాటుకరేకుల పొడ" యను తెలుగు పేరు అందున్నది. ఆ పామునకే నేడు ప్రపంచమంతటను రస్సెల్ పేరు నిలిచినది. మనము దానిని రక్తపింజర యందుము. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన "బంగారస్" అను పేరు మన "బంగారుపాము" నుండి పుట్టినదే. ప్రపంచ శాస్త్రమునకు పేర్లనిచ్చిన జాతి తన పొలములోని పామును తాను గుర్తింపలేకపోవుట తగునా?

ప్రాణము తీయు నాలుగు

మన దేశమున పాముకాటు మరణములలో అధికభాగమునకు నాలుగు పాములు కారణమని వైద్యులు చెప్పుదురు. అవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాలుగింటిని మాత్రము ప్రతి పంచాయతీ సభ్యుడును దూరమునుండి పోల్చగలిగి యుండవలెను.

చిన్నపింజరతో ప్రారంభింతును. ఏలయన, మెట్టనేలలో "తెలియని పాము" అని ప్రజలు చెప్పునది అనేక పర్యాయములు ఇదియే కావచ్చును. దీనిని ఇసుకపింజర యనియు అందురు. పొడవు జానెడు మొదలు మూరెడు వరకు. అంతకు మించుట అరుదు. రంగు మన్నువలెనో ఇసుకవలెనో యుండును. వీపుమీద లేతరంగు మచ్చలు వరుసగా నుండును. రెండు ప్రక్కలను అలవలె వంకరలు తిరిగిన తెల్లని గీత యుండును. తల మెడకంటె వెడల్పు. తలమీద బాణపు మొనవలెనో పక్షి యడుగువలెనో తెల్లని గుర్తు కానవచ్చును. కదలించినచో 8 అంకెవలె చుట్టుకొని తన ప్రక్కలను తానే రుద్దుకొనును. పొలుసులకు రంపపు పండ్లవంటి అంచులుండుటచేత, కాలిన పెనముమీద నీరు చల్లినట్లు చరచరమను శబ్దము పుట్టును. ఇసుకమీద ముందునకు గాక ప్రక్కకు జారుచు పోవును. ఇది చిన్నదని చులకన చేయరాదు. వేగముగా కాటువేయును, దాని విషము రక్తమునకు గడ్డకట్టు గుణమును పోగొట్టును.

రక్తపింజర లావైనది. పొడవు సుమారు ఒక మీటరు. గోధుమరంగు వీపుమీద గొలుసు కూర్చినట్లు మూడు వరుసల అండాకారపు మచ్చలుండును. కోపించినచో ప్రెషరు కుక్కరు ఆవిరి వదలినట్లు పెద్దగా బుసకొట్టును. గడ్డిలోను, పొలము గట్లమీదను, ఎండుటాకుల నడుమను పడియుండును. మనిషి దగ్గరకు వచ్చినను తొలగిపోక అచ్చటనే యుండుట దాని స్వభావము.

కట్లపాము నల్లనిది, నిగనిగలాడునది. వీపుమీద సన్నని తెల్లని అడ్డుకట్లు, తరచుగా జతలు జతలుగా, తోకవైపు స్పష్టముగాను తలవైపు అస్పష్టముగాను ఉండును. పగలు మెత్తగా పడియుండును, రాత్రి సంచరించును. ఇంటిలో నేలమీద పండుకొనినవారిని నిద్రలో కరచును. దాని కాటు నొప్పి తెలియనంత స్వల్పముగా నుండును. కాటుగుర్తు కూడ కనబడక పోవచ్చును.

నాగుపామును గూర్చి మీకు నేను చెప్పవలసినది ఒక్కటే. పడగ విప్పినప్పుడే అది నాగుపామని తెలియును. పరుగెత్తునప్పుడు పడగ యుండదు. అప్పుడు దానిని జెర్రిపోతని భ్రమించువారు కలరు.

పోలికలు, పొరపాట్లు

విషము లేని పాములు అనేకము ఈ నాలుగింటిని పోలియుండును. కట్లపామును పోలిన తోడేలుపాము గోడలు ప్రాకి ఇండ్లలోనికి వచ్చును. దానికి కట్లు మెడవద్ద స్పష్టముగా నుండి తోకవైపు మాసిపోవును. కట్లపామునకు ఇది తారుమారు. అయితే పిల్ల కట్లపామునకు కట్లు మెడవరకు నుండవచ్చును. కావున ఇంటిలో చారలపాము కనబడినచో ముందుగా కట్లపామనియే తలచి దూరముగా నుండుట మంచిది.

రక్తపింజరను పోలినది ఇసుకలో నుండు మొద్దుపాము. దాని మచ్చలు క్రమము లేక ఒకదానితో నొకటి కలిసిపోవును. తోక పొట్టిగా మొండిగా నుండును. దానికి విషము లేదు. చిన్నపింజరను పోలినది పిల్లికన్నుల పాము. అది సన్నగా పొడవుగా నుండును. నాగుపామును పోలిన జెర్రిపోతు బారెడు దాటి పెరుగును. దాని తల సన్నన, కన్నులు పెద్దవి, పెదవులమీద నల్లని నిలువుగీతలుండును.

మన పల్లెలలో వాడుకలోనున్న గుర్తులు కొన్ని నమ్మదగినవి కావు. తల ముక్కోణముగా నున్నదే విషసర్పమందురు. కట్లపాము తల ముక్కోణము కాదు. అయినను అది ప్రాణము తీయును. కంటిపాప నిలువుగా నున్నదే విషసర్పమందురు. విషము లేని మొద్దుపాము కంటిపాపయు నిలువుగానే యుండును. రెండు కోరల గాట్లున్ననే విషకాటు అందురు. ఒక గాటే పడవచ్చును, గీత పడవచ్చును, ఏమియు కనబడకపోవచ్చును. చిన్నపామునకు విషముండదందురు. చిన్నపింజరను చూచిన పిమ్మట ఆ మాట ఎవరును అనరాదు. ఒక్క గుర్తుతో పామును తేల్చు ఉపాయము లేదు. రంగు, మచ్చల వరుస, తోక, నడక, ఉన్నచోటు ఇవి యన్నియు కలిపి చూడవలెను. అదియు దూరమునుండియే చూడవలెను. తేలనిచో విషసర్పమనియే భావించి ప్రక్కకు తప్పుకొనవలెను. పాముల విషయమున ఇంతకు మించిన పాండిత్యము రైతునకు అక్కరలేదు.

ఒక రాత్రి

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వత్తును. ఒక సంగతిని ఊహింతము. పెనుకొండ కొండ నీడలో ఒక పల్లె. కార్తిక మాసము. వేరుసెనగ పీకి కుప్ప వేసినారు. రైతు రాత్రి కాపలా పండుకొనుటకు పోయి, కుప్ప అంచున నున్న గోనెపట్టాను చీకటిలో లాగెను. చేతికి చురుక్కుమన్నది. టార్చి వేసి చూడగా మూరెడు పాము ఇసుకమీద ప్రక్కకు జారుచు రాళ్లలో దూరినది. అది ఏ పామో ఆయనకు తెలియదు. "ఇంత చిన్నది ఏమి చేయును" అనుకొని, చేతికి త్రాడు బిగించి, పసుపు అద్ది, పండుకొనెను. తెల్లవారుసరికి చేయి మోచేతివరకు వాచినది. మధ్యాహ్నము నోరు పుక్కిలించగా రక్తము పడినది. ఇంటివారు రెండు పక్షములైరి. మంత్రగానిని పిలువవలెనని ఒకరు. పామును వెదకి చంపి తీసికొనిపోయిననే డాక్టరు మందిచ్చునని మరియొకరు. నలుగురు కర్రలు పట్టుకొని గట్టు త్రవ్వుటకు పోయిరి. ఆసుపత్రి చేరుసరికి రెండవ రాత్రి యైనది.

ఈ కథలో ఆ రైతు చేసిన తప్పు పామును గుర్తింపలేకపోవుట కాదు. గుర్తింపవలసిన అవసరమున్నదని తానును ఇంటివారును నమ్ముటయే తప్పు.

సోదరులారా, ఈ మాట మీ పల్లెకు మోసికొనిపొండు. మన దేశపు ఆసుపత్రులలో పాము విషమునకు ఇచ్చు విరుగుడు సూదిమందు ఒక్కటే. అది నాగుపామునకు, కట్లపామునకు, రక్తపింజరకు, చిన్నపింజరకు, నాలుగింటికిని కలిపి చేసిన మందు. గుర్రములకు కొద్దికొద్దిగా విషమెక్కించి, వాని రక్తమునుండి దీనిని తయారుచేయుదురు. అందుకు కావలసిన విషములో అధికభాగము తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరులరు గిరిజనుల సహకార సంఘమువారు పాములను పట్టి, విషము పిండి, మరల అడవిలో విడిచిపెట్టుచు సమకూర్చినదే. నాలుగింటికిని మందు ఒక్కటే యైనప్పుడు, పాము పేరు చెప్పనిదే వైద్యము లేదను మాట ఎట్లు నిలుచును?

డాక్టరు పామును చూడడు, రోగిని చూచును. శుభ్రమైన పొడి గాజుగొట్టములో రోగి రక్తము కొంచెము తీసి, 20 నిమిషములు కదల్పక యుంచి, ఒంచి చూచును. గడ్డకట్టక జారినచో పింజర విషమెక్కినదని తెలియును. కనురెప్పలు వ్రాలుట, మ్రింగలేకపోవుట, మాట తడబడుట, ఊపిరి అందకపోవుట కట్లపాము, నాగుపాముల విష లక్షణములు. నిద్రనుండి లేచి కారణము లేక కడుపునొప్పి యని, కన్నులు తెరువలేకున్నానని చెప్పిన మనిషిని, కాటుగుర్తు లేకున్నను, కట్లపాము కాటుగానే అనుమానించి ఆసుపత్రికి చేర్పవలెను. ఊపిరి నిలిచినవారిని సైతము కృత్రిమశ్వాస యంత్రముతో నిలబెట్టి బ్రదికించుట సాధ్యము. వేళకు చేరిన చాలును.

కావున కాటుపడిన వెంటనే చేయవలసినది ఇది. మనిషికి ధైర్యము చెప్పవలెను. ఉంగరములు, గాజులు, మెట్టెలు, కడియములు, బిగుతు వస్త్రములు తీసివేయవలెను. వాపు వచ్చిన పిమ్మట అవి రావు. కరచిన కాలిని గాని చేతిని గాని విరిగిన ఎముకకు కట్టినట్లు బద్దలు పెట్టి వదులుగా కట్టి కదలకుండ చేయవలెను. నడువనీయరాదు. కాటుపడిన వేళను జ్ఞాపకముంచుకొనవలెను. 108కి ఫోను చేయవలెను. బండి వచ్చుట ఆలస్యమగునచో మోటారు సైకిలుమీద ఇద్దరి నడుమ కూర్చుండబెట్టుకొనియైనను బయలుదేరవలెను.

చేయరానివి ఇవి. త్రాడు బిగించి కట్టరాదు. రక్తము ఆడక అవయవము చెడును, కట్టు విప్పినప్పుడు విషము ఒక్కసారిగా ఎక్కును. గాటు పెట్టరాదు, రక్తము గడ్డకట్టని స్థితిలో ఆ గాటే ప్రాణాంతకము. నోటితో పీల్చరాదు. ఆకుపసరులు, సారాయి ఇయ్యరాదు. పామును చంపి తీసికొనిపోవుటకై క్షణమైనను ఆలస్యము చేయరాదు. తెగిన పాము తల సైతము కొంతసేపు కరువగలదు. దూరమునుండి సెల్‌ఫోనులో బొమ్మ తీయుటకు వీలున్నచో తీయుడు, లేనిచో విడువుడు.

మంత్రము ఫలించినట్లు కనబడుట ఎందువలన?

"మా ఊరి మంత్రగాడు ఎందరినో బ్రదికించినాడు" అని మీలో కొందరు చెప్పుదురు. ఆయన బ్రదికించినారనువారు బ్రదికియుండుట నిజమే. దాని కారణమును విచారింతము. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో లోకమున ఏడాదికి సుమారు 54 లక్షల పాముకాటులు జరుగును. వానిలో విషమెక్కునవి 18 లక్షలకును 27 లక్షలకును మధ్య. అనగా కాటుపడినవారిలో సగమునకు పైగా జనులకు విషమే ఎక్కదు. కరచినది విషము లేని పాము కావచ్చును, లేక విషసర్పమే విషము వదలక కరచియుండవచ్చును. వారు మంత్రము వేసినను బ్రదుకుదురు, వేయకున్నను బ్రదుకుదురు. విషమెక్కిన మిగిలినవారికి మంత్రము పనిచేయదు. వారు మంత్రగాని గుమ్మమున గడపిన ప్రతి గడియయు సూదిమందు పొందవలసిన గడియయే.

మన దేశమున 2000 మొదలు 2019 వరకు పాముకాటుచే సుమారు 12 లక్షలమంది, ఏడాదికి సగటున 58,000 మంది మరణించిరని 2020లో వెలువడిన పరిశోధన తెలుపుచున్నది. అధికభాగము ఎనిమిది రాష్ట్రములలోనే జరిగినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతము వానిలో ఒకటి. 2011లో ప్రకటితమైన మరియొక దేశవ్యాప్త పరిశోధన ప్రకారము, ఇట్టి మరణములలో నూటికి 97 పల్లెలలోనివి; ఆసుపత్రిలో జరిగినవి నూటికి 23 మాత్రమే. తక్కినవారు ఇంటివద్దనో, త్రోవలోనో, మరెచ్చటనో మరణించిరి.

మంత్రగానిని అవమానింపుడని నేను చెప్పను. ఆయన మాటను ఊరు వినును గదా! ఆయననే పంచాయతీకి పిలిచి, "అయ్యా, మీ యొద్దకు వచ్చినవారిని మొట్టమొదట బండి ఎక్కింపుడు, మంత్రము త్రోవలో చదువవచ్చును" అని వేడుకొనుడు. ఆయన ఒప్పుకొనినచో పది ప్రసంగములు చేయని పని ఆ ఒక్కమాట చేయును.

పంచాయతీ చేయవలసిన పనులు

పాముకాటును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నిర్లక్ష్యమునకు గురియైన ఉష్ణదేశ వ్యాధుల జాబితాలో చేర్చినది. 2030 నాటికి పాముకాటు మరణములను సగమునకు తగ్గించు లక్ష్యముతో భారత ప్రభుత్వము 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించెను. అదే ఏడాది నవంబరులో, ప్రతి పాముకాటును ఆరోగ్యశాఖకు తెలుపవలసిన వ్యాధిగా ప్రకటింపవలెనని రాష్ట్రములను కోరెను. ఢిల్లీలో వ్రాసిన ప్రణాళిక మీ ఊరి గట్టుమీద అమలు జరుగవలెనన్నచో ఆ పని మీదియే.

మొదటిది, మందు ఎచ్చట నున్నదో తెలిసికొనుట. విరుగుడు మందు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున నిలువయున్నది? రాత్రివేళ డాక్టరు ఎచ్చట నుండును? ఈ ప్రశ్నలను కాటుపడిన పిమ్మట అడుగరాదు. వాన కాలమునకు ముందే మీ మండలపు వైద్యాధికారిని అడిగి, సమాధానమును పంచాయతీ కార్యాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. దగ్గరనున్న కేంద్రమున మందు లేనిచో ఆ రాత్రి నేరుగా హిందూపురము, ధర్మవరము, అనంతపురము ఆసుపత్రులలో దేనికి పోవలెనో ముందే నిర్ణయించుకొనుడు. మందు లేదని తెలిసినచో తీర్మానము చేసి పైకి పంపుడు.

రెండవది, వాహనము. రాత్రి ఏ వేళ పిలిచినను బయలుదేరు ఆటోవారి పేర్లను, ఫోను నంబర్లను ప్రతి వార్డులోను ఉంచుడు. మందు మాట అటుంచి, బండి దొరకక పోయిన ప్రాణములు లెక్కలకు కూడ ఎక్కవు.

మూడవది, వెలుగు, శుభ్రత. వీధి దీపములు, పారిశుద్ధ్యము పంచాయతీ బాధ్యతలే. చెత్తకుప్ప యున్నచోట ఎలుక యుండును. ఎలుక యున్నచోట పాము వచ్చును. ఇంటి గోడకు ఆనించి కట్టెలు, రాళ్లు, వేరుసెనగ కట్టె పేర్చుట మాన్పింపుడు. బహిర్భూమికి చీకటిలో పోవలసిన అగత్యము ఒక్క యింటికైనను ఉన్నచో ఆ యింట మరుగుదొడ్డి వాడుకలోనికి వచ్చునట్లు చూడుడు.

నాల్గవది, వృత్తులవారికి హెచ్చరిక. రాత్రి మోటారు వేయబోవు రైతు టార్చి లేక, పాదరక్షలు లేక పోరాదు. వేరుసెనగ కుప్పలో చేయి పెట్టుటకు ముందు కర్రతో కదలింపవలెను. రాతి గట్టు సందులో చేయి దూర్పరాదు. హిందూపురపు మల్బరీ రైతులు పట్టుపురుగుల షెడ్డులోనికి ఎలుకలు రాకుండ కన్నములు పూడ్పవలెను. ధర్మవరపు నేతగాండ్రు తెల్లవారి గుంటమగ్గములో కాళ్లు దింపుటకు ముందు దీపము వేసి గుంటను చూచుట అలవాటు చేసికొనవలెను. నేలమీద పండుకొనువారు మంచమెక్కవలెను. దోమతెర కట్టి దాని అంచులను పరుపు క్రింద దోపినచో దోమయు రాదు, కట్లపామును రాదు.

ఐదవది, పాఠశాల. నాలుగు విషసర్పముల బొమ్మలను, వానిని పోలిన విషము లేని పాముల బొమ్మలను ప్రక్కప్రక్కన పెట్టి పిల్లలకు చూపింపుడు. పిల్లవాడు ఇంటికి పోయి చెప్పిన మాటను తల్లిదండ్రులు విందురు.

చంపుట పరిష్కారము కాదు

ఇంతయు విని, అట్లయిన కనబడిన పామునెల్ల చంపుటయే మేలు గదా యని ఎవరైనను అనవచ్చును. మూడు కారణములచేత అది మేలు కాదు. కర్రపట్టి పాము దగ్గరకు పోయినవాడే కాటునకు దగ్గరగా పోయినవాడు. పాములు లేని చేనిలో ఎలుకలు పెరుగును. ఆ ఎలుకలు తినునది మన వేరుసెనగయే. మరియు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పాములకు రక్షణ కల్పించినది. రెండుతలల పాము ఇంటనున్నచో లక్ష్మి వచ్చునని, లక్షలు పలుకునని నమ్మించి పల్లెటూరివారిని మోసగించు ముఠాలు తిరుగుచుండును. దానికి రెండు తలలు లేవు. మొండి తోక తలవలె కనబడును, అంతే. విషము లేని ఆ మూగజీవిని పట్టినవారును, కొనినవారును జైలు పాలగుదురు. పాము ఇంటిలోనికి వచ్చినచో పిల్లలను, పశువులను దూరముగా నుంచి, అది పోవుటకు త్రోవ విడిచి, అటవీశాఖకు గాని తర్ఫీదు పొందిన పాములు పట్టువారికి గాని కబురు పంపవలెను.

హిందూపురమునకు దగ్గరనే లేపాక్షి యున్నది. 16వ శతాబ్దమున విజయనగర కాలపు శిల్పులు అచ్చట ఒకే బండలో ఏడు పడగల నాగమును మలచి, ఆ పడగల నీడలో లింగమును నిలిపిరి. భయమును భక్తిగా మార్చిన శిల్పమది. నాగులచవితినాడు మన తల్లులు పుట్టకు పాలు పోసి "మా జోలికి రాకు, మీ జోలికి రాము" అని మ్రొక్కుదురు. ఆ మ్రొక్కులో మన సగము మాట మనము నిలుపుకొనవలెను. రాతి సందు దానిది, ఇల్లు మనది. ఎడమ పాటింతము.

చివరిమాట. పామును గుర్తించు విద్యను కాటునకు ముందు నేర్చుకొనుడు. తప్పుకొనుటకు అది పనికివచ్చును. కాటుపడిన పిమ్మట దాని పేరు కొరకు వెదకవలదు. మీ ఊరిలో ఈ రాత్రి ఎవరినైనను తెలియని పాము కరచినచో, "ఏ పాము?" అని అడుగువాడు కాక, "బండి ఏది?" అని అడుగువాడు మొట్టమొదట లేవవలెను. ఆ మనిషి మీ పంచాయతీ సభ్యుడు కావలెనని నా కోరిక. సెలవు.